పాట మ్యూజియానికి, భూమి సర్కారుకి



ఆదివాసీ సంగీతం మీద పరిశోధన చేసిన సంస్థల గురించి మాట్లాడమన్నారు. నేను అమెరికాలోని ఒమాహా తెగ సంగతి చెబుతాను. అక్కడ పాటలు సేకరించినదీ, భూమిని ముక్కలు చేసినదీ ఒక్క మనిషే. పైగా ఆమె స్త్రీల హక్కుల కోసం పనిచేసిన మనిషి.

ఎలిస్ ఫ్లెచర్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పీబాడీ మ్యూజియంతో కలిసి పరిశోధన చేసింది. 1883-84లో ప్రభుత్వ ప్రతినిధిగా ఒమాహాల ఉమ్మడి భూమిని కుటుంబాలవారీగా పంచింది. వాళ్ల పాటలు రాసుకోవడం మొదలుపెట్టిందీ ఆ రోజుల్లోనే. అదే 1883లో ప్రభుత్వం ఆదివాసీల ఆరాధనా నృత్యాలను నేరాల జాబితాలో చేర్చింది. ఆడినవాళ్లకు రేషన్ ఆపేయవచ్చని నిబంధన పెట్టింది. ఊళ్లో ఆడితే శిక్ష, పుస్తకంలోకి ఎక్కితే శాస్త్రం!

ఆ పాటల పుస్తకాన్ని మ్యూజియం 1893లో అచ్చువేసింది. ఒమాహా తెగకే చెందిన ఫ్రాన్సిస్ లా ఫ్లెష్ పేరు అందులో సహాయకుడిగా మాత్రమే ఉంది. 1911 నాటి గ్రంథంలో ఆయన సహరచయిత అయ్యాడు. ఫిల్మోర్ అనే సంగీతజ్ఞుడు ఆ పాటలకు పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు జోడించాడు.

మనల్ని ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. ఆదివాసీ స్త్రీకి సొంత ఆస్తి మీద హక్కు ఉందనీ, తెల్లవాళ్ల చట్టం కిందికి వస్తే అది పోతుందనీ 1888లో వాషింగ్టన్ అంతర్జాతీయ మహిళా సభలో ఫ్లెచరే చెప్పింది. తెలిసీ భూపంపిణీ పని వదల్లేదు. 1887 నాటి డాస్ చట్టం పెళ్లయిన స్త్రీకి విడిగా వాటా ఇవ్వలేదు. 1891లో గానీ దాన్ని సవరించలేదు. ఆ చట్టం నాటికి దేశంలోని ఆదివాసీల చేతిలో ఉన్న సుమారు 13.8 కోట్ల ఎకరాలు 1934కల్లా 4.8 కోట్లకు పడిపోయాయి.

ఒమాహాల పవిత్ర స్తంభం 1888లో పీబాడీకి చేరింది. తిరిగి రావడానికి 1989 దాకా పట్టింది. 1890లలో మైనపు గొట్టాల మీద రికార్డు చేసిన పాటల ప్రతులు కూడా 1980లలోనే తెగకు అందాయి. వాటిని విని తమ పెద్దల గొంతులు గుర్తుపట్టినవాళ్లున్నారు. అంటే దాచిపెట్టినందువల్ల మేలు జరగలేదని నేననను. ఎవరి అదుపులో దాచారన్నదే నా ప్రశ్న.

మనమూ ఇవాళ సెల్‌ఫోన్లు పట్టుకుని గూడేలకు వెళ్తున్నాం. ఏ పాట బయటివాళ్లు వినకూడదో ముందు ఆ ఊరి స్త్రీలను అడుగుదాం. పాడినామె ఒప్పుకుంటే ఆమె పేరు వేద్దాం. ఒక ప్రతి ఊళ్లోనే ఉంచుదాం. ఆమె భూమి పట్టా ఎవరి పేర ఉందో కూడా ఆరోజే కనుక్కుందాం.