త్రోవ చూపేవాడు ప్రక్కన కూర్చోవాలి

(రేడియో ప్రసంగ పాఠము)

  

ఈనాటి మన ధ్యానమునకు ఆధారము అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము, 26 నుండి 40 వరకు ఉన్న వచనములు. తరువాత తీరికగా చదువుకోండి. ఇప్పుడు ఆ సంగతిని నా మాటల్లో చెబుతాను.

ఐతియొపీయుల రాణియైన కందాకే దగ్గర ధనాగారమంతటి మీద అధికారిగా ఉన్న ఒకాయన యెరూషలేముకు ఆరాధన కోసం వచ్చి, తిరిగి వెళుతున్నాడు. రథములో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. ఫిలిప్పు ఆ రథం దగ్గరకు పరుగెత్తాడు. చదువుతున్నది అర్థమవుతోందా అని అడిగాడు. త్రోవ చూపేవారు లేకపోతే ఎలా అర్థమవుతుందని ఆయన బదులిచ్చాడు. రథమెక్కి తన దగ్గర కూర్చోమని ఫిలిప్పును బ్రతిమాలుకున్నాడు.

ఆ అధికారి చదువు రానివాడు కాదు. రాణిగారి ఖజానా లెక్కలు చూసేవాడు. గ్రంథము చేతిలో ఉంది, చదవడానికి మనసూ ఉంది. అయినా ఒక్క చోట ఆగిపోయాడు. ఆయనకు కావలసింది ప్రక్కన కూర్చునే ఒక మనిషి.

ప్రియులారా, ఈ వాక్యభాగము ఈ మధ్య ప్రతిరోజూ నాకు గుర్తుకు వస్తోంది. నేను వృత్తిరీత్యా రచయితను. ప్రస్తుతం నా చేతిలో ఉన్న పని, కంప్యూటరులో బొమ్మలు వేయడం, ఫోటోలు సరిచేయడం నేర్పే ఒక తెలుగు గైడు. "ఇందులో ప్రసంగానికి ఏముంది?" అని మీరు అడగవచ్చు. కాస్త ఓపికగా వినండి.

నేను రాస్తున్నది జింప్ అనే ప్రోగ్రాము గురించి. 1995లో అమెరికాలో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీనిని తయారు చేయడం మొదలుపెట్టి, 1996లో అందరికీ విడుదల చేశారు. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. ఎవరైనా వాడుకోవచ్చు. లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఆ తరువాత ఎంతోమంది స్వచ్ఛందంగా చేతులు కలిపి దాన్ని ఇంతవరకు నిలబెట్టారు.

ప్రోగ్రాము ఉచితమే. మరి నేర్చుకోవడం? అక్కడే చిక్కు. మండల కేంద్రంలో ఫ్లెక్సీ షాపులో పనికి కుదిరిన పదో తరగతి కుర్రవాడు, జాకెట్ల మీద మగ్గం వర్కుకు డిజైన్లు గీసుకునే అమ్మాయి, సంఘంలో క్రిస్మస్ కరపత్రం తయారు చేసే యౌవనస్థుడు, వీళ్లే నా పాఠకులు. ఖరీదైన శిక్షణకు వెళ్లే స్తోమత వీళ్లకు లేదు. ఇంగ్లీషు పుస్తకం కొనుక్కున్నా రెండో పేజీ దాటలేరు. ఆ అధికారిలాగానే చేతిలో గ్రంథము ఉంటుంది, త్రోవ చూపేవారు ఉండరు.

నేను ఒక వాక్యం రాస్తాను. "ఫోటో తెరిచి, లేయరును డూప్లికేట్ చేసి, హీల్ టూల్‌తో మరకలు తీసేయండి." తెలిసినవాడికి ఇది ఒక్క వాక్యమే. తెలియనివాడికి ఇందులో మూడు తలుపులు మూసి ఉన్నాయి. లేయరు అంటే ఏమిటి? డూప్లికేట్ ఎందుకు చేయాలి? హీల్ టూల్ ఎక్కడుంది, దాన్ని ఎలా పట్టుకోవాలి? రాసేవాడు ఆ మూడు తలుపులూ తన చేతులతో తీసి, పాఠకుణ్ణి లోపలికి తీసుకుపోవాలి.

లేయరు సంగతే చూడండి. సండే స్కూలులో ఫ్లానెల్ బోర్డు చూసినవారికి దీన్ని సులువుగా చెప్పవచ్చు. వెనుక కొండలూ ఆకాశమూ ఉన్న గుడ్డ పరుస్తారు. దాని మీద దావీదు బొమ్మ అతికిస్తారు, తరువాత గొల్యాతు బొమ్మ. దావీదును కొంచెం ప్రక్కకు జరిపినా వెనుక ఉన్న కొండ చెదరదు. కంప్యూటరులో లేయరు కూడా అంతే. ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఒకదానిని కదిపితే మిగిలినవి కదలవు. ఈ రెండు మాటలు చెబితే ఆ కుర్రవాడి ముఖం వెలుగుతుంది. నిఘంటువులో ఉన్న అర్థం ఎంత చెప్పినా ఆ వెలుగు రాదు.

ఫిలిప్పు చేసినదీ ఇదే, గమనించండి. తనకు బాగా తెలిసిన చోటునుండి కాకుండా, ఆ అధికారి ఏ లేఖనం దగ్గర ఆగిపోయాడో అక్కడినుండే మొదలుపెట్టి, ఆయనకు యేసును గూర్చి ప్రకటించాడు. ఎదుటివాడు ఆగిన చోటు మనము మొదలుపెట్టవలసిన చోటు.

ఇక రెండవ సంగతి. త్రోవ చూపేవాడు ఒక అడుగు విడిచిపెడితే ఏమవుతుంది?

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ప్రభువునందు నిద్రించిన అమ్మమ్మ ఫోటో ఒక్కటే ఉంది. మూల చిరిగింది, ముఖం మీద తేమకు మరకలు పడ్డాయి. ఎప్పుడో స్కాన్ చేయించిన ఫైలు మిగిలింది గాని కాగితపు ఫోటో దొరకడం లేదు. జ్ఞాపకార్థ కూడికకు పెద్దది చేయించాలని మనవడు ఆ ఫైలు తెచ్చి గైడు ముందు పెట్టుకున్నాడు. ముందుగా ఫైలుకు ఒక కాపీ తీసి పెట్టుకోవాలని, ఆ తరువాత లేయరును డూప్లికేట్ చేసి ఆ నకలు మీదే పని చేయాలని గైడులో లేదనుకోండి. అతడు అసలు బొమ్మ మీదే చేయి పెడతాడు. మరకలు తీయబోయి కంటి ప్రక్క ముడతలు కూడా చెరిపేస్తాడు. ఓవర్‌రైట్ అనే మాట నొక్కి ఫైలు మూసేస్తాడు. ఇక ఆ ముడతలు తిరిగి రావు. జేపెగ్ ఫైలును మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత సూక్ష్మ వివరం పోతుందని కూడా అతనికి ఎవరూ చెప్పలేదు. తప్పు ఎవరిది? చెప్పినట్లు చేసిన ఆ పిల్లవాడిదా?

అందుకే బోధించేవారికి ఎక్కువ లెక్క ఉంటుందని యాకోబు తన పత్రిక 3వ అధ్యాయములో హెచ్చరించాడు. ఆ మాట ప్రసంగ పీఠము ఎక్కేవారికే అనుకుంటాము. ఒకరికి దారి చెప్పే ప్రతివాడికీ అది వర్తిస్తుందని నాకు అనిపిస్తుంది. మందు ఎలా వేసుకోవాలో చెప్పే నర్సమ్మకు, పురుగుమందు ఎంత కలపాలో చెప్పే రైతన్నకు, బ్యాంకు ఫారం నింపిపెట్టే పక్కింటి కుర్రవాడికి కూడా. మనము విడిచిపెట్టిన అడుగు దగ్గర పడేది మనము కాదు, మన వెనుక నడిచేవాడు.

అడుగులు ఉంటే చాలదు, వరుస కూడా ఉండాలి. పెండ్లి పత్రికకు 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు కావాలనుకోండి. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 1500 అడ్డం, 2100 నిలువు పిక్సెళ్లు ఉండాలి. ఈ లెక్క బొమ్మ వేయకముందే చెప్పాలి. చిన్న సైజులో రాత్రంతా కష్టపడి వేసిన తరువాత "అయ్యో బాబూ, ఇది అచ్చుకు పనికిరాదు" అంటే ఏమి లాభం? అలాగే తెర మీద రంగు వెలుగుతో పుడుతుంది, కాగితం మీద రంగు సిరాతో పుడుతుంది. తెర మీద మెరిసిన ఆకుపచ్చ కాగితం మీద కొంచెం మాడినట్లు కనబడవచ్చు. ఇదీ ముందే చెప్పవలసిన మాట. అవసరమైన సత్యాన్ని అవసరమైన వేళకు ముందే చెప్పడం ప్రేమ చేసే పని.

మూడవ సంగతి, ప్రియులారా, కొంచెం కఠినమైనది. మనలో చాలామందికి నేర్పడం ఇష్టముండదు. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడిచేత నెలల తరబడి టీలు తెప్పించి, సిస్టమ్ ముట్టుకోనివ్వని షాపులు ఉన్నాయి. "నేర్పితే రేపు ఎదురుగా షాపు పెట్టడా?" అనే భయము. పని గుట్టు చెబితే తన విలువ పోతుందనే భయము.

నిర్గమకాండము 35వ అధ్యాయము చివరి వచనములలో ప్రత్యక్ష గుడారము కట్టిన బెసలేలును చూడండి. బంగారము, వెండి, ఇత్తడి పనులు, రత్నాలు పొదగడం, చెక్కపని, ఇన్ని విద్యలు దేవుడు అతనికి ఇచ్చాడు. అంతటితో ఆగలేదు. అతనికీ, దాను గోత్రికుడైన అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడే ఇచ్చాడని అక్కడ ఉంది. చేతికి నైపుణ్యము ఇచ్చిన దేవుడే నేర్పే మనసు కూడా ఇచ్చాడు. మొదటిది తీసుకుని రెండవదానిని దాచిపెట్టుకుంటే, వరములో సగము భూమిలో పాతిపెట్టినట్లే.

కొందరు నన్ను అడుగుతున్నారు: "అన్నా, 2022 నుండి మాట చెబితే బొమ్మ గీసిపెట్టే యంత్రాలు అందరి చేతికీ వచ్చాయి కదా, ఇంకా ఈ గైడు ఎందుకు?" మంచి ప్రశ్నే. ఆ యంత్రము ఒక ముసలమ్మ బొమ్మను క్షణములో గీస్తుంది. కాని ఆ మనవడికి ఏదో ఒక ముసలమ్మ అక్కరలేదు. తన అమ్మమ్మ కావాలి, ఆ కంటి ప్రక్క ముడతలతో సహా. ఏది మరకో ఏది ముడతో ఆమెను ప్రేమించినవాడికే తెలుసు. అతని చేతికి పని వస్తే ఆ ముఖము నిలుస్తుంది.

మరి కొందరు అంటారు, "ప్రోగ్రాము మారిపోతుంది, నీ పుస్తకము పాతబడిపోతుంది." అదీ నిజమే. జింప్ 2.10 వెర్షన్ 2018లో వచ్చింది, 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది. కొన్ని అధ్యాయాలు మళ్లీ రాయవలసిందే. రేపు ఇంకొకటి వస్తుంది. అలాగని ఈ ప్రయాస వ్యర్థమా? పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయములో ఒక వరుస ఉంది. పౌలు నుండి తిమోతికి, తిమోతి నుండి నమ్మకమైనవారికి, వారినుండి మరి ఇతరులకు. పుస్తకము పాతబడుతుంది గాని, నేర్చుకున్నవాడు నేర్పేవాడైతే ఆ వరుస పాతబడదు. ఈ గైడు చదివిన అమ్మాయి రేపు తన చెల్లెలి ప్రక్కన కూర్చుని చూపిస్తే, నా పేజీలు చిరిగిపోయినా నాకు బాధ లేదు.

శ్రోతలారా, మీలో చాలామందికి కంప్యూటరుతో పని లేదు. కాని ఆదివారము ఆరాధనలో మీ ప్రక్కన కూర్చునే ఒక క్రొత్త విశ్వాసి ఉన్నాడు. పాస్టరుగారు "హబక్కూకు గ్రంథము తీయండి" అంటారు. అందరి బైబిళ్లూ తెరుచుకుంటాయి. అతడు ముందుకు వెనక్కు త్రిప్పుతాడు, దొరకదు. ఎవరైనా చూస్తున్నారేమోనని సిగ్గుపడి, ఏదో ఒక పేజీ తెరిచి ఊరకే కూర్చుంటాడు. కొన్ని వారాలు అలా గడిచాక రావడమే మానేస్తాడు. "ఎందుకు రావడం లేదో" అని మనము ఆశ్చర్యపడతాము.

అతని ప్రక్కకు జరగండి. వాక్యము ఎక్కడుందో చూపించండి. అయితే ఒక్క మాట. గైడు రాసేటప్పుడు నేను పెట్టుకున్న నియమము ఇది: నేర్చుకునేవాడి చేతిలోనుండి మౌస్ లాక్కోకూడదు. ఎంత ఆలస్యమైనా అతని చేతితోనే చేయించాలి. బైబిలు కూడా అంతే. పుస్తకము లాక్కుని తీసి ఇవ్వకండి, అతని చేతితోనే పేజీ త్రిప్పనివ్వండి. ఇంట్లో అత్తమ్మకు ఫోను నేర్పేటప్పుడు విసుక్కుని "ఇలా ఇవ్వండి, నేను చేస్తాను" అనకండి. ఆమె వ్రేలే నొక్కాలి.

ఆ రథములో చివరికి ఏమైందో తెలుసా? అధికారి బాప్తిస్మము పొందాడు. ప్రభువు ఆత్మ ఫిలిప్పును అక్కడినుండి తీసుకుపోయాడు. ఆ అధికారి ఫిలిప్పును ఇక చూడలేదు. అయినా సంతోషిస్తూ తన దారిని వెళ్లిపోయాడు. మంచి త్రోవ చూపేవాడికి గురుతు ఇదే. అతడు లేకపోయినా ప్రయాణము ఆగదు.

ఈ వారము మీరు ఎవరి ప్రక్కన కూర్చుంటారు? ఒక్క పేరు మనసులో తలచుకోండి. ప్రార్థన చేసుకుందాము.

ప్రేమగల మా పరలోకపు తండ్రీ, మాకు తెలిసినది మా కష్టముతో మాత్రమే వచ్చినది కాదని ఒప్పుకుంటున్నాము. ఎవరో మా ప్రక్కన కూర్చుని నేర్పారు. వారిని బట్టి నీకు స్తోత్రము. తెలియనివారిని చూసి నవ్వని మనసు, విసుగుకొనని ఓర్పు, దాచిపెట్టుకోని హృదయము మాకు దయచేయుము. చేతిపని నేర్చుకుంటున్న మా బిడ్డలను ఆశీర్వదించుము. మా కొరకు దిగివచ్చి మా మధ్య నివసించిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.