పిలవని చుట్టాలు

బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్తే పాత ల్యాప్‌టాప్‌లు చవగ్గా దొరుకుతాయి. ఇంటికి తెచ్చి ఆన్ చేయగానే మనం పిలవని ప్రోగ్రాములు కొన్ని వాటంతటవే లేచి కూర్చుంటాయి. ఈ చుట్టాలెవరో ఆరా తీద్దాం.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో స్టార్టప్ జాబితా చూడండి. తెలియని పేరు కనబడితే రైట్ క్లిక్ చేసి, ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉందో కనుక్కోండి. పేరును మాత్రం నమ్మకండి. దొంగ ప్రోగ్రాములు పెద్దమనుషుల పేర్లే పెట్టుకుంటాయి. ఎస్‌విసి‌హోస్ట్ అసలు విండోస్ ఫైలే, ఉండేది సిస్టమ్32 ఫోల్డరులో. అదే పేరు డౌన్‌లోడ్స్‌లో కనిపించిందా, అనుమానించాల్సిందే.

ఈ జాబితాకు చిక్కనివీ ఉంటాయి. సర్వీసుల్లో, షెడ్యూల్డ్ టాస్కుల్లో దాక్కుంటాయి. వాటి కోసం ఆటోరన్స్ అనే ఉచిత సాధనం ఉంది. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ తయారుచేసింది. వాళ్ల సంస్థను 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. డిజిటల్ సంతకం సరిపోలని వాటిని ఆటోరన్స్ గులాబీ రంగులో చూపిస్తుంది. గులాబీ రంగు ఉన్నంత మాత్రాన దొంగ అని కాదు, నిఘా పెట్టమని.

తొందరపడి ఏదీ తుడిచేయకండి. ముందు డిసేబుల్ చేసి రెండు రోజులు చూడండి. టచ్‌ప్యాడ్‌ను నడిపే ప్రోగ్రామును పీకేసి, తర్వాత బాణం గుర్తు కదలడం లేదని తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు!

వైరస్ తొలగించే ఉచిత సాధనాలు 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో దొరుకుతాయి. ఖాతాలో డబ్బే పోతే ఆలస్యం చేయక సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.