మేడిపండులో పురుగు

 

వేమన మేడిపండు పద్యం చెప్పి, లోపల పురుగులని పిల్లలను నవ్వించి పాఠం ముగించేవాళ్లం. ఆ పురుగు లేకపోతే మేడికి విత్తనమే లేదని మాత్రం చెప్పలేదు. మేడి, రావి, మర్రి పూలు కాయ లోపలే ఉంటాయి. కందిరీగ జాతి సన్న పురుగు ఒకటి కాయలోకి దూరి, పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. రావికి రావి పురుగే, మర్రికి మర్రి పురుగే. కొత్తగా బయటికొచ్చిన ఆడ పురుగు బతికేది ఒకటి రెండు రోజులు. అంతలో లేతకాయలున్న మరో చెట్టు దొరకాలి. ఒక్క చెట్టు చాలదు.

పండు తిన్న గోరింకల, గబ్బిలాల రెట్టతో గింజలు అమీర్‌పేట మేడల మీద, పంజాగుట్టలో గోడల పగుళ్లలో మొలుస్తాయి. వదిలేస్తే గోడ చీలుతుంది కనుక పీకి పారేస్తాం. ఈ ఏడాది వాటిని పిల్లలతో కవర్లలోకి మార్పించాం. రావి మనకెందుకని కొందరు అడిగారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి నీడలో దర్గా లేదా? నాటిన చెట్టు పండు పక్షి తిన్నా సదఖాయేనని హదీసు చెబుతోంది.

ఖబరస్తాన్‌లో సమాధులకు, గోడకు దూరంగా ఆరు మొక్కలకు చోటు అడిగాం. మొక్కలకు పైసా ఖర్చు లేదు. మొదటి రెండు వేసవుల నీళ్ల ట్యాంకరుకు, ఇనుప కంచెలకు మీ సాయం కావాలి.