తొట్టిలోకి వచ్చిన సరస్సు నీళ్లు

ఉగాండాలో ఆల్బర్ట్, విక్టోరియా సరస్సుల ఒడ్డు పల్లెల్లో ఏడాది నిండని పిల్లల్లో కూడా బిల్హార్జియా కనబడుతుంది. షిస్టోసోమా మాన్సోనై అనే పురుగు తెచ్చే జబ్బు ఇది. నడక రాని బిడ్డ తనంతట తాను సరస్సులో దిగడు. అయినా పురుగు ఒంట్లో చేరుతుంది. కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది: తల్లి సరస్సు నుంచి డబ్బాల్లో తెచ్చిన నీళ్లను తొట్టిలో పోసి, వెంటనే బిడ్డకు స్నానం చేయిస్తుంది.

రోగి మలంతో పాటు గుడ్లు నీళ్లలో కలుస్తాయి. వాటిలోంచి వచ్చిన పిల్లపురుగులు ఒక రకం మంచినీటి నత్తల్లో దూరి, కొన్ని వారాలు పెరిగి, సెర్కేరియాలుగా మళ్లీ నీళ్లలోకి వస్తాయి. ఇవి కంటికి ఆనవు. గాయం లేని చర్మాన్ని కూడా నిమిషాల్లో తొలుచుకుపోతాయి. నీళ్లు తాగనక్కర్లేదు, ఒంటికి తగిలితే చాలు. పెద్ద పురుగులు పేగుల చుట్టూ ఉండే రక్తనాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. మలంతో బయటికి పోని గుడ్లు కాలేయంలో చిక్కుకుని దాన్ని పాడుచేస్తాయి. పసిపిల్లల్లో రక్తహీనత వస్తుంది, ఎదుగుదల కుంటుపడుతుంది.

ఏ బిడ్డకు ఎంత ముప్పో తేలాలంటే, ఆ ఒంటికి ఏ నీళ్లు, ఎప్పుడు, ఎంతసేపు తగిలాయో తెలియాలి. ఆల్బర్ట్ సరస్సు ఒడ్డున బుగోయిగో గ్రామంలో తల్లులకూ పిల్లలకూ చిన్న జీపీఎస్ పరికరాలు తగిలించి రాకపోకలు నమోదు చేశారు. బిడ్డ ఒడ్డు దగ్గర ఎంతసేపు ఉన్నాడో ఆ పరికరం చెబుతుంది గానీ, నీళ్లలో దిగాడో లేదో చెప్పదు. ఇంట్లో తొట్టి దానికి అసలే కనబడదు. అందుకే తల్లి మాటకు మించిన ఆధారం లేదు, అడిగే తీరే సరిగా ఉండాలి. ‘బిడ్డ సరస్సులో దిగుతాడా’ అంటే ఆమె నిజాయితీగానే లేదంటుంది. స్నానం నీళ్లు ఎక్కడివి, ఎప్పుడు తెచ్చారు, బట్టలు ఉతికేటప్పుడు బిడ్డ ఎక్కడ ఉంటాడు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. వేళ కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఈ సెర్కేరియాలు నత్తల్లోంచి ఎక్కువగా పట్టపగలే వెలువడతాయి.

మనిషి ఒళ్లు దొరకని సెర్కేరియా సుమారు 48 గంటలకు మించి బతకదు. కాబట్టి నత్తలు లేకుండా మూతపెట్టి రెండు రోజులు నిలవ ఉంచిన నీళ్లు స్నానానికి పనికొస్తాయి. అంత వ్యవధి లేకపోతే ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చాలి. తువ్వాలుతో గట్టిగా తుడిస్తే సరిపోతుందని నమ్మకూడదు.

ఈ జబ్బుకు ఇచ్చే ప్రాజిక్వాంటెల్ మాత్ర పెద్ద పురుగులను చంపుతుంది, లేత పురుగుల మీద సరిగా పనిచేయదు. నీళ్లు తగిలిన వారానికే పరీక్ష చేస్తే గుడ్లూ కనబడవు. చివరిసారి తగిలాక 6 నుంచి 8 వారాలకు పరీక్ష చేయించడం మేలు. చేదుగా ఉండే ఆ పెద్ద మాత్ర పసివాళ్లకు మింగుడుపడేది కాదు. బడుల్లో మందు పంచేటప్పుడు బడి ఈడు రాని ఈ పిల్లలు మిగిలిపోయేవారు, అది వాళ్లకు జరిగిన అన్యాయమే. 3 నెలల నుంచి 6 ఏళ్ల వారి కోసం నీళ్లలో కరిగే ఆర్‌ప్రాజిక్వాంటెల్ తయారైంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి నాణ్యత ఆమోదం (ప్రీక్వాలిఫికేషన్) ఇచ్చింది.

కంపాలాలో, ఎంటెబ్బెలో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలకూ సరస్సులో ఆటలాడితే ఇదే ముప్పు. భారతదేశంలో ఈ జబ్బు చాలా అరుదు. సెలవులకు ఊరొచ్చిన బిడ్డకు జ్వరమో, మలంలో రక్తమో కనిపిస్తే, ఏ సరస్సులో ఏ తేదీన దిగాడో డాక్టరుకు ముందే చెప్పాలి.