ఉపగ్రహానికి గుంట కనబడింది, పట్టా కనబడలేదు

(నెల్లూరు తీర గ్రామాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన బావుల గురించి, మన కయ్యల గురించి, మన కూలి గురించి చదువుకున్నోళ్లు పుస్తకాలు పుస్తకాలు రాస్తున్నారు. సీసాల్లో నీళ్లు పట్టుకుపోయి పరీక్ష చేసేవాళ్లు కొందరు. ఇంటింటికీ తిరిగి ఏం తింటున్నారు, కూలి ఎంత అని అడిగేవాళ్లు కొందరు. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని, మన ఊరి మొహం చూడకుండానే మన గుంటలన్నీ లెక్కబెట్టేవాళ్లు వచ్చారు. ఈ చదువులు మన తీరం గురించి ఏం చెబుతున్నాయి, ఏం చెప్పకుండా వదిలేస్తున్నాయి, అదే ఇవాళ మాట్లాడదామనుకున్నాం.

ముందు నీళ్లు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు పక్క సముద్రపు ఇసుక నేలల్లో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి, పాల మీద మీగడ మాదిరి. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఇది వందేళ్లు దాటిన సైన్సే. లెక్క ఏందంటే, సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు నిలబడితే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్లే ఉంటాయి. దాన్ని తిరగేసి చూడండి. బోర్లతో తోడి తోడి ఆ ఒక్క అడుగూ దించితే, ఉప్పు 40 అడుగులు పైకి ఎక్కొస్తుంది. రొయ్యల గుంటలో ఉప్పు తగ్గించడానికి మోటార్లు పెట్టి మంచినీళ్లు తోడారు. గుంటలో నిలవుంచిన ఉప్పునీళ్లు పైనుంచి ఇంకినయ్. కిందనుంచి ఒక ఉప్పు, పైనుంచి ఒక ఉప్పు, మధ్యలో మన వాడ చేతిపంపు. ‘మీ బావి ముందు నుంచీ ఉప్పే గదా’ అని గుంట ఆసామి అంటే తలొంచుకుని రావొద్దు. ఈ లెక్క చెప్పండి.

ఇది కోర్టు దాకా పోయిన సంగతే. 1994-95లో తెల్లమచ్చల వైరస్ వచ్చి ఆంధ్ర తీరమంతా టైగర్ రొయ్య చచ్చింది. అదే కాలంలో తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ సుప్రీంకోర్టుకు పోయాడు. కోర్టు చెబితే నాగపూర్ నీరి సంస్థ సైంటిస్టులు తీరం తిరిగి చూశారు. రొయ్యల మీద వచ్చే రాబడి కంటే నేలకూ నీళ్లకూ మనుషులకూ జరిగిన నష్టమే ఎక్కువని తేల్చారు. 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. సముద్రం ఒడ్డున నిషేధ పరిధిలో ఉన్న గుంటలు తీసెయ్యమంది. మూతపడే గుంటల్లో పనిచేసేవాళ్లకు ఆరేళ్ల జీతం పరిహారమంది. నష్టపోయినవాళ్లను గుర్తించి పరిహారం తేల్చే అథారిటీ పెట్టమంది.

ఏమైంది? రివ్యూ పిటిషన్లతో అమలు ఆగింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి, రిజిస్టర్ చేసుకుంటే గుంట నడుపుకోవచ్చని దారి ఇచ్చింది. 2009 నుంచి వనామి రొయ్య దిగింది. కోర్టులో గెలిచిన మాట కయ్య దాకా రాలేదు.

ఆ తీర్పులో ‘నష్టపోయినవాళ్లు’ అనే మాట మనకు ముఖ్యం. వరి కయ్యకు నాట్లూ కలుపులూ కోతలూ ఉంటాయి, వాడ ఆడోళ్లందరికీ పని. అదే నేలలో గుంట తవ్వితే ఇద్దరు కాపలావాళ్లు చాలు. ఆ ఆడోళ్ల పేర్లు ఏ రిజిస్టర్లో ఉన్నాయి? కూలి పోయిందని రసీదు ఎవరిస్తారు?

ఇక కంప్యూటరోళ్ల పని. ఇది మన పక్కనుంచే మొదలైంది. యానాదులు అడవినీ పులికాట్ సరస్సునీ నమ్ముకుని బతికిన శ్రీహరికోటను రాకెట్ల కోసం తీసుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. 1994 అక్టోబర్ 15న నేలను ఫోటోలు తీసే ఉపగ్రహం అక్కణ్ణుంచే పోయింది. దీవి ఎవరిదో ఫోటోలో రాదు లెండి.

నీళ్లు కొన్ని రకాల వెలుగును మింగేస్తాయి, అందుకని ఉపగ్రహ చిత్రంలో నల్లగా పడతాయి. 2014 నుంచి యూరప్‌వాళ్ల రాడార్ ఉపగ్రహాలైతే మబ్బు పట్టినా, రాత్రయినా చూస్తాయి. చుట్టూ తిన్నని గట్లు, మధ్యలో ఏడాదంతా నీళ్లు ఉంటే అది గుంట అని కంప్యూటర్‌కు నేర్పుతారు. కొన్ని వందల నమూనాలు చూపిస్తే మిగతా తీరమంతా అదే గుర్తుపడుతుంది. ఉప్పుమడిని చూసి గుంట అనుకోవడం, నీళ్లు నిలిచిన వరి కయ్యను చూసి పొరబడటం ఉంటుంది. అందుకే మనిషి నేల మీదికొచ్చి సరిచూడాలి. వచ్చినవాళ్లకు దారి చూపేది, గట్ల మీద నడిపించేది మన పిల్లలే. వాళ్ల పేరు ఆ వ్యాసంలో పడదు.

అయినా ఈ చదువు మనకు పనికొస్తుంది. 1972 నుంచీ తీసిన చిత్రాలు భద్రంగా ఉన్నాయి, చాలావరకు ఉచితం. ఏ కయ్య ఏ యేడు గుంట అయిందో వాటిలో వెతకొచ్చు. ‘మా తాత కాలం నుంచీ ఇది చెరువే’ అనే ఆసామి అబద్ధం అక్కడ నిలవదు. కానీ ఆ చిత్రానికి డీకేటీ పట్టా కనబడదు. భూమిలేనోళ్లకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మడం, కొనడం చెల్లదని 1977లో చట్టం వచ్చింది. అప్పు కింద, లీజు కింద, తెల్లకాగితం మీద వేలిముద్ర కింద ఆ భూములు ఎట్టా జారిపోయినాయో ఇక్కడ కూర్చున్నోళ్లకు తెలుసు. 2023లో ఆ చట్టాన్నే సవరించి 20 ఏళ్లు నిండిన భూములు అమ్ముకునే వీలు పెట్టారు. మరి గుంటగా మారిన భూమి అసలెవరిదో ఇప్పుడు రాసిపెట్టకపోతే ఇంకెప్పుడు రాస్తాం?

1992లో దూబగుంట ఆడోళ్లు అక్షరాలు నేర్చుకుని సారా మీద తిరగబడ్డారు. ఇప్పుడు అంకెలు నేర్చుకోవాలి. ప్రతి వాడకూ రెండు నోటుపుస్తకాలు పెడదాం. ఒకటి నీళ్లది. ఉప్పు కొలిచే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నెలకోసారి అదే పంపు, అదే బావి కొలిచి తేదీ వెయ్యాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగొచ్చు, వేరే దిక్కు లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. అది దాటితే నోటుపుస్తకం తీసుకుని గ్రామసభకు పోదాం. పరిశోధనకు వచ్చినవాళ్లను కూడా అడగండి, తేలిందేమిటో తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించి పొమ్మనండి.

రెండోది భూమి పుస్తకం. సర్వే నంబరు, పట్టా ఎవరి పేర ఏ యేడు, గుంట ఎప్పుడు పడింది, ఇప్పుడు నడిపేదెవరు. అడంగల్ నకలు సమాచార హక్కు కింద అడుగుదాం. యేడు ఉపగ్రహం చెబుతుంది, పేరు మనం చెప్పాలి.

మొదటి పేజీ ఇక్కడే రాద్దాం. ముందు ముసలోళ్లు చెప్పండి. నంబరు గుర్తులేకపోయినా ఫర్లేదు, గట్టు గుర్తులు చెప్పండి.