ఎనిమిదో వంతు పెద్దదా, తొమ్మిదో వంతు పెద్దదా?

 



గత సోమవారం అసర్ నమాజు అనంతరం ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని మస్జిదు గుమ్మం వద్దకు వచ్చింది. బాలుడు ఏడో తరగతి. "హజ్రత్, వీడికి లెక్కలంటే భయం. పరీక్షలు దగ్గర పడ్డాయి. దుఆ చదివి ఊదండి, నీళ్ళు కూడా తెచ్చాను" అన్నది. నేను దుఆ చేశాను. జ్ఞానాభివృద్ధి కోసం ప్రభువును వేడుకోవటం ఖుర్ఆన్ నేర్పిన విషయమే. తరువాత బాలుణ్ణి లెక్కల నోటుపుస్తకం చూపమన్నాను. చక్కని దస్తూరి, ప్రతి పుటలోనూ ఎర్రసిరా టిక్కులు. భిన్నాల అధ్యాయం మొత్తం పూర్తయింది. "నాయనా, ఎనిమిదో వంతు పెద్దదా, తొమ్మిదో వంతు పెద్దదా?" అని అడిగాను. "తొమ్మిదో వంతు, హజ్రత్." "ఎందుకు?" "తొమ్మిది పెద్దది కదా!"

ఆ లెక్కలన్నీ గైడు చూసి ఎక్కించినవి. తల్లి నొచ్చుకున్నది. నేను మాత్రం ఆ బాలుణ్ణి ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఎందుకో చెప్పటానికే నేడు ఈ మింబర్‌పై నిలబడ్డాను.

ఒక ఉల్లేఖనం మదరసాలో చదివినవారందరికీ తెలుసు. హజ్రత్ అలీ (రజి) మింబర్‌పై ప్రసంగిస్తూ ఉండగా ఒక వ్యక్తి లేచి వారసత్వ సమస్య అడిగాడు. చనిపోయిన వ్యక్తికి భార్య, ఇద్దరు కుమార్తెలు, తల్లి, తండ్రి ఉన్నారు. సూరా నిసా ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, కుమార్తెలిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు. వీటిని కూడితే ఒకటిని మించిపోతుంది. హజ్రత్ అలీ (రజి) ప్రసంగం ఆపకుండానే, ఆమె ఎనిమిదో వంతు తొమ్మిదో వంతుగా మారిందని బదులిచ్చి ముందుకు సాగిపోయారు. దీనినే 'మింబరియ్యా' సమస్య అంటారు. 'సిరాజీ' గ్రంథం చదివే రోజుల్లో దీనిని నేను కంఠస్థం చేశాను. ఇరవై నాలుగు ఇరవై ఏడుగా మారుతుందని పరీక్షలో వ్రాశాను, మార్కులు పొందాను. ఎందుకు మారుతుందో నాకు తెలియదు. నన్నెవరూ అడగలేదు కూడా.

సుమారు ముప్పై సంవత్సరాల క్రితం, నేను క్రొత్తగా ఇమామతు స్వీకరించిన రోజుల్లో, ఒక ఇంటి పెద్ద మరణించాడు. దఫన్ ఖర్చులు, అప్పులు పోను 2,70,000 రూపాయలు మిగిలాయి. పంపకానికి నన్ను పిలిచారు. కాగితంపై లెక్క వ్రాశాను. ఇద్దరు కుమార్తెలకు 1,80,000. తండ్రికి 45,000. తల్లికి 45,000. అంతటితో సొమ్ము అయిపోయింది. భార్యకు ఇవ్వవలసిన ఎనిమిదో వంతు, అంటే 33,750 రూపాయలు ఎక్కడి నుండి తేవాలి? మూడుసార్లు తిరిగి వ్రాశాను. ప్రతిసారీ అదే జవాబు. ఇద్దత్‌లో ఉన్న ఆ ఇల్లాలు తెరచాటు నుండి అంతా వింటున్నది. చివరకు, "నాకేమీ వద్దులెండి హజ్రత్, పిల్లలకు వస్తే చాలు" అన్నది.

సత్యం చెబుతున్నాను, ఆ మాట విని నాకు ఊరట కలిగింది. ఆ ఊరటను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన హక్కు అది. నా అజ్ఞానం కారణంగా ఒక వితంతువు దానిని వదులుకోబోయింది, నేను వదులుకోనివ్వబోయాను.

పరామర్శకు వచ్చి అక్కడే కూర్చున్న పొరుగింటి పెద్దాయన ఒకరు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ముస్లిమేతర సోదరుడు. మన ఫిఖ్ ఆయనకు తెలియదు. కాగితం చూసి, "మౌల్వీగారూ, వాటాలన్నీ కూడితే ఒకటి దాటిపోతోంది. ఒకరికి ఎగ్గొట్టడం దేనికి? అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గించండి" అన్నారు. ఆయనే పెన్సిలు తీసుకుని హారాలన్నీ ఇరవై నాలుగుకు మార్చారు. భార్యకు మూడు, కుమార్తెలకు పదహారు, తల్లిదండ్రులకు నాలుగు, నాలుగు. "మొత్తం ఇరవై ఏడు. ఇరవై ఏడు భాగాలు చేయండి, భాగానికి పదివేలు" అన్నారు.

ఇరవై ఏడు! నేను కంఠస్థం చేసిన సంఖ్య అది. పుస్తకంలో అరబ్బీలో ఉన్నప్పుడు నాలుకపై ఆడిన సమస్య, రూపాయల రూపంలో కళ్ళ ముందుకు వస్తే గుర్తుపట్టలేకపోయాను. భార్యకు 30,000, కుమార్తెలకు 1,60,000, తల్లిదండ్రులకు 40,000 చొప్పున. ఎవరి హక్కూ పోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సహాబాల సంప్రదింపుతో అమలైన 'అవ్ల్' నియమం ఇదే. ఆ మాస్టారు దానిని తన బడి లెక్కలతోనే చెప్పగలిగారు.

కనుక, సోదరులారా, ఆ ఏడో తరగతి బాలుడు నాకంటే వెనుకబడినవాడేమీ కాదు. ఖుర్ఆన్ హిఫ్జ్ చేయటం ఆరాధన, దాని ఘనత దానిదే. అయితే ఆ పద్ధతినే లెక్కలకూ, సైన్సుకూ పట్టించాం. సూత్రం వల్లె వేస్తే చాలునని పిల్లలను నమ్మించాం. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ 'అల్ జబ్ర్' గ్రంథం రచించినప్పుడు ఈ వీలునామా, వారసత్వ లెక్కలకే అందులో పెద్ద భాగం కేటాయించాడు. 'ఆల్జీబ్రా' అనే పేరు ఆ గ్రంథం నుండే వచ్చింది. దీనిని మనం జల్సాలలో గర్వంగా చెప్పుకుంటాం. అదే ఆల్జీబ్రాలో పిల్లవాడు తప్పితే, "మా వంశంలో ఎవరికీ లెక్కలు రావు" అని వాడి ఎదుటే నవ్వుకుంటాం! ఇది చాలా చెడ్డ మాట. దయచేసి మానండి.

ఆ మాట అనే తండ్రి ఎవరు? ఒకరు దర్జీ. రెండున్నర మీటర్ల గుడ్డలో షేర్వానీ ఎలా సరిపెట్టాలో కత్తెర వేయకముందే మనసులో గీసుకుంటాడు. అది క్షేత్రగణితం. మరొకరు మెకానిక్. పళ్ళచక్రం మారిస్తే బండి వేగం ఎందుకు మారుతుందో ఆయనకు తెలుసు. అది నిష్పత్తి. కుమారుణ్ణి షెడ్డులో కూర్చోబెట్టి రెండు చక్రాల పళ్ళు లెక్కించమనండి. ఇది గుట్టలు గుట్టలుగా గైడ్లు కొనడం కంటే మేలు.

భాష చిక్కు కూడా ఉన్నది. మన పిల్లవాడు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడతాడు. కసర్, భిన్నం, ఫ్రాక్షన్ ఒకటేనని వానికి ఎవరూ చెప్పరు. వాని అమ్మమ్మ మాత్రం పావ్, ఆధా, పౌన్, సవా అంటూ రోజూ భిన్నాలతోనే వంట చేస్తుంది. అక్కడి నుండి మొదలుపెట్టండి. ఒక రొట్టెను ఎనిమిది ముక్కలు, మరొక రొట్టెను తొమ్మిది ముక్కలు చేసి, ఏ ముక్క కావాలో కోరుకోమంటే ఆకలితో ఉన్న పిల్లవాడు ఎన్నడూ తప్పు చెప్పడు. హైదరాబాదులో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించినప్పుడు గణితాన్నీ, విజ్ఞానశాస్త్రాన్నీ ఉర్దూలో బోధించటానికి ఏకంగా ఒక అనువాద విభాగాన్నే ఏర్పాటు చేశారు. అర్థమయ్యే మాటలో చెప్పాలన్న ఆ పట్టుదలలో పదో వంతు మన ఇళ్ళలో ఉన్నా చాలు.

ఇక ఆడపిల్లల విషయం. పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయిని, కాలేజీ దూరమని వేరే గ్రూపులో చేర్పించిన ఇళ్ళు ఈ జమాఅత్‌లోనే ఉన్నాయి. ఆటో ఖర్చు సమస్య అయితే నాతో చెప్పండి. కమిటీ పెద్దలు ఇక్కడే ఉన్నారు. ఆ వితంతువు నాడు నా లెక్కను తానే సరిచూసుకోగలిగి ఉంటే, "నాకేమీ వద్దులెండి" అని ఉండేది కాదు.

మన మస్జిదులో పాలరాతికి చందా అడిగితే నెలలో వచ్చింది. నల్లబల్ల ఊసు ఎవరూ ఎత్తలేదు, నాతో సహా. నిన్న కమిటీ ఒప్పుకున్నది. శని, ఆదివారాలలో మగ్రిబ్, ఇషాల మధ్య, ఐదు నుండి పదో తరగతి వరకు బాలబాలికలకు లెక్కలు, సైన్సు చెబుతారు. ఇంజినీరింగు చదివే యువకులు ఇద్దరు, డిగ్రీ చదివిన సోదరి ఒకరు ముందుకు వచ్చారు. మొదటి పాఠం ప్రాంగణంలోనే. ఒక మీటరు కర్ర నిటారుగా పాతుతాం. మధ్యాహ్నం అతి చిన్న నీడను పిల్లలు కొలుస్తారు. దానికి కర్ర పొడవుకు రెండింతలు కలిపితే హనఫీ పద్ధతిలో అసర్ వేళ ఎప్పుడో తెలుస్తుంది. గోడ మీది కాలపట్టికతో వారే సరిపోల్చుకుంటారు. తేడా వస్తే కారణం వెతుకుతారు. జవాబు నేను చెప్పను. మే 28న మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిపై ఉంటాడు. ఆ క్షణాన కర్ర నీడ చివర నిలబడి కర్ర వైపు చూస్తే అదే ఖిబ్లా. మన మస్జిదు పునాది వేసిన పెద్దలు ఎంత సరిగ్గా లెక్క కట్టారో అప్పుడు పిల్లలే మనకు చెబుతారు. సూర్యచంద్రుల గమనం మనిషి లెక్క తెలుసుకోవటానికేనని సూరా యూనుస్‌లో అల్లాహ్ తెలియజేశాడు. సెలవులు కదా, అందరినీ పంపండి.

మా ప్రభూ! ఆ బాలుని భయాన్ని తొలగించు. వానికి అర్థమయ్యేలా చెప్పే నేర్పును మాకు ప్రసాదించు. నాడు పెన్సిలు పట్టి ఒక వితంతువు హక్కును నిలబెట్టిన ఆ మాస్టారి సంతానానికి మేలు చేయి. ఆమీన్.

కర్ర పాతేది రేపు శనివారం జుహర్‌కు ముందు. టేపు ఉన్నవారు తీసుకురండి.