నీటిని ఒల్లని నేల

తామరాకు మీది నీటిబొట్టును చూడని తెలుగువారుండరు. ఆకు తడవదు, బొట్టు ముత్యమై దొర్లిపోతుంది. నేల కూడా అట్లే ప్రవర్తించగలదంటే మాత్రం వెంటనే నమ్మబుద్ధి కాదు. నీరు తాగడమే గదా నేల స్వభావం!

నాకీ సంగతి మొదట బోధపడినది మా ఇంటి తులసి కుండీలో. ఇసుకలో ఆకు ఎరువు దండిగా కలిపి మొక్క నాటాము. వేసవిలో పది రోజులు ఊరికి వెళ్లివచ్చి, చెంబెడు నీళ్లు పోశాను. క్షణంలో అడుగు రంధ్రంనుంచి నీరు కారింది. తడిసిందనుకున్నాను. వారం రోజులు అట్లే పోసినా తులసి వాడిపోతూనే ఉన్నది. చివరకు వేలితో తవ్వి చూతును గదా, అంగుళం లోతున పొడి దుమ్ము! నీరంతా మట్టికీ కుండీ అంచుకూ నడుమ సందునుంచి జారిపోయినది. ఆ మొక్క దక్కలేదు.

కుండీకి వచ్చిన ఈ కష్టమే పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి భాగాన గోధుమ పండించే ఇసుక నేలలకు వస్తుంది. అక్కడ వేసవి పొడికాలం, వానలు చలికాలానివి. ఏప్రిల్, మే నెలల్లో తొలివానను నమ్ముకుని విత్తుతారు. వాన కురిసినా, నీరు కొన్ని దారులవెంట మాత్రమే లోనికి దిగుతుంది. పక్క మట్టి పొడిగానే మిగులుతుంది. ఒకే చాలులో ఒక గింజ మొలుస్తుంది, దాని పొరుగు గింజ మొలవదు.

దీనికి మూలం సేంద్రియ పదార్థమే. ఆకులు, వేళ్లు, శిలీంధ్రాలు క్రుళ్లగా మిగిలే మైనంవంటి ద్రవ్యాలు ఇసుక రేణువులకు పూత పడతాయి. బంకమట్టితో పోలిస్తే ఇసుకకు ఉపరితలం బహు స్వల్పం. కనుక పిసరంత మైనమే చాలు.

అయితే ఎరువు వేయడం తప్పా? కాదు. నేలలో నీటిని పట్టి ఉంచేదీ ఆ సేంద్రియ పదార్థమే. తేడా తేమలో ఉన్నది. ఈ అణువులలో అనేకం రెండు కొసలవి: ఒకటి నీటికి చుట్టం, రెండవది నీటికి పగ. నేల ఎండినప్పుడు పగగల కొసలు బయటికి తిరుగుతాయని శాస్త్రజ్ఞులు వివరిస్తారు. తేమ ఒక హద్దుకు పైన ఉన్నంతకాలం నేల నెమ్మదిగా తాగుతుంది. హద్దు దిగువకు ఎండెనా, మొరాయిస్తుంది. ఆ హద్దు అన్ని నేలలకూ ఒకటి కాదు.

పరీక్ష సులభం. ఎండిన మట్టిని చదునుచేసి నీటిబొట్టు వేయండి. 5 సెకండ్లలో ఇంకితే భయం లేదు. కొన్ని నేలలపై గంట దాటినా నిలిచే ఉంటుంది! తడిమట్టిపై చేస్తే మాత్రం మోసపోతాము.

ఆస్ట్రేలియా రైతులు కొందరు పైమట్టిని లోతుగా తిరగదున్నుతారు. కొందరు నీరు చేరేట్లు చాళ్లు తీసి వాటిలో విత్తుతారు. ఇసుకపై బంకమట్టి చల్లి కలిపేవారూ ఉన్నారు. హెక్టారుకు వంద టన్నులకు పైబడి కావాలి గనుక అది ఖర్చుతో కూడిన పని. చెరువు మట్టిని చెలకలకు తోలే మన రైతుకు ఆ ఊహ వింతగా తోచదు. బంక హెచ్చుగా గల మన నల్లరేగళ్లలో సాధారణంగా ఈ బెడద కనబడదు.

ఇప్పుడు మా కొత్త తులసి కుండీలోనూ రెండు దోసిళ్ల చెరువు మట్టి ఉన్నది. ఊరినుంచి రాగానే చెంబుతో పోయను. కుండీని నీళ్లతొట్టిలో దించి, బుడగలు ఆగేవరకు అట్లే ఉంచుతాను.